డీవీడీ ప్లేయరు కొనే ముందు టీవీ వెనక చూడండి

సంపాదకుల వారికి, నమస్కారం.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఎవరైనా డీవీడీ ప్లేయరు ఏది కొనాలని అడిగితే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత యూట్యూబ్ ఉండగా అదెందుకు అంటారు. మనింటి పెళ్లి యూట్యూబ్‌లో ఉండదు కదా! ఫొటో స్టూడియోలు ఏళ్ల తరబడి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు డిస్కుల మీదే ఇచ్చాయి. మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకు వీసీడీ, 34కు డీవీడీ అమ్మిన రోజుల్లో కొన్న సినిమాలు, పిల్లల పాటలు, భక్తి పాటల ఎంపీ3 సీడీలు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. డిస్కులు మిగిలాయి, ప్లేయర్లు పోయాయి. కొత్తది కొందామని వెళ్తే షాపులో దొరికే సలహా ‘ఇదొక్కటే ఉందండీ, తీసుకోండి’ అన్నంతవరకే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీది మంచిదని. అది ఆఖర్న అడగాల్సింది. ఏ ప్లేయరు కావాలో తేల్చేవి రెండు: బీరువాలోని డిస్కులు, టీవీ వెనకున్న సాకెట్లు. ఈ రెండూ చూడకుండా కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే షాపులో ఏది అమ్ముడుపోకుండా మిగిలిందో అదే మీకు సరిగ్గా సరిపోయే ప్లేయరు అయిపోతుంది.

ముందు డిస్కులన్నీ దుప్పటి మీద పరిచి రకాల వారీగా వేరు చెయ్యండి. చూడ్డానికి అన్నీ 12 సెంటీమీటర్ల బిళ్లలే. వీసీడీ అంటే మామూలు సీడీయే. ఒక్కోదాంట్లో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది కాబట్టి సినిమా రెండు మూడు డిస్కులకు పోతుంది. దాని బొమ్మ 352 × 288 చుక్కలే, డీవీడీది 720 × 576. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, రెండు పొరలుంటే 8.5 జీబీ. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది. మామూలు ప్లేయర్లలో ఈ రెండూ ఒకే లెన్సు కింద ఉంటాయి. వీసీడీ చక్కగా ఆడుతూ, డీవీడీ పెట్టగానే ‘నో డిస్క్’ అనడానికి ఒక కారణం ఇదే. రెండింట్లో ఒకటి పోయి ఉండొచ్చన్నమాట. పాత ప్లేయరు కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీ కుప్పలో వీసీడీలే ఎక్కువుంటే డీవీడీ ప్లేయరే కొనండి. బ్లూరే ప్లేయరు డీవీడీ తర్వాతి తరానిది కాబట్టి అన్నీ ఆడిస్తుందనుకోవద్దు. వీసీడీని అసలు తీసుకోని బ్లూరే మోడళ్లు ఉన్నాయి. డిస్కు డ్రైవున్న ప్లేస్టేషన్ 4, 5 గేమ్ మిషన్లయితే డీవీడీ సినిమాను ఆడిస్తాయి గానీ ఆడియో సీడీని కూడా తీసుకోవు. కొనే మోడల్ మాన్యువల్‌లో ‘ఆడే డిస్కులు’ అని ఒక పట్టిక ఉంటుంది. అందులో వీసీడీ, ఎంపీ3, డీవీడీ-ఆర్, డీవీడీ+ఆర్ నాలుగూ కనపడాలి. చివరి రెండూ రైట్ చేసుకునే డీవీడీల రకాలు.

స్టూడియో వాళ్లిచ్చిన పెళ్లి డిస్కులు ఫ్యాక్టరీలో అచ్చయినవి కావు, కంప్యూటర్లో రైట్ చేసినవి. తిరగేసి చూస్తే అడుగున ఊదా రంగు ఛాయ కనిపిస్తుంది. వాటిలో ఉండే రంగుపొర ఎండకూ వేడికీ చెడుతుంది. ఒక పొర అచ్చు డిస్కుతో పోలిస్తే వీటి మీంచి లేజర్ కాంతి వెనక్కి తక్కువగా వస్తుంది. కాబట్టి లెన్సు కొంచెం నీరసించినా తరచుగా ముందు దెబ్బతినేది పెళ్లి డీవీడీయే, సినిమా డీవీడీ కాదు. సినిమా బాగానే వస్తోంది, మా పెళ్లే రావట్లేదు అంటే డిస్కు మీదే నెపం వెయ్యక్కర్లేదు. పైన వధూవరుల ఫొటోతో అతికించిన కాగితం స్టిక్కరు మరో తలనొప్పి. అది కొద్దిగా పక్కకు అతికినా, తేమకు ఉబ్బినా డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది. ఆ ఊపు అంచు దగ్గర ఎక్కువ కాబట్టి మొదట్లో బాగా వచ్చిన వీడియో అప్పగింతల దగ్గరకొచ్చేసరికి ఆగి ఆగి వస్తుంది. అలాగని స్టిక్కరు పీకకండి. డీవీడీలో సమాచారం రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది గానీ, సీడీలో అది లేబుల్ కిందే ఉంటుంది. పీకితే కాగితంతో పాటు అదీ ఊడొస్తుంది.

హ్యాండీక్యామ్‌తో తీసిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులుంటే ఆ కెమెరాలోనే వాటిని ‘ఫైనలైజ్’ చేశారో లేదో, అంటే వేరే ప్లేయర్లలో ఆడేలా రికార్డింగును ముగించారో లేదో చూడాలి. చెయ్యకపోతే ఎంత ఖరీదైన ప్లేయరైనా ఖాళీ డిస్కు అనే అంటుంది. కెమెరా ఇంకా పనిచేస్తుంటే ముందు ఆ పని చెయ్యండి. ట్రే బయటికొచ్చే ప్లేయరులో లోపలి చిన్న గుంటలో ఈ డిస్కు కూర్చుంటుంది. కారు స్టీరియోలా సందులోకి తోసే రకంలో మాత్రం పెట్టకండి, బయటికి రాదు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఇంకో చిక్కు వస్తుంది. డీవీడీలకు ప్రాంతాల సంఖ్యలుంటాయి. మనది 5, అమెరికాది 1. అక్కడ కొన్న హాలీవుడ్ డిస్కు మీద భూగోళం బొమ్మలో 1 అని ఉంటే ఇక్కడి కంపెనీ ప్లేయరు దాన్ని ఒప్పుకోదు. అక్కడ అమ్మిన తెలుగు సినిమా డిస్కులు చాలావరకు అన్ని ప్రాంతాలకూ పనికొచ్చేలా ఉంటాయి గానీ అక్కడి టీవీ సిగ్నల్ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీవి. మనం వాడేది పాల్. పాత ట్యూబ్ టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, పైకి కిందికి దొర్లినా కారణం అదే. ప్లేయరు సెటప్‌లో టీవీ సిస్టమ్‌ను ‘పాల్’ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అసెంబుల్డ్ ప్లేయర్లలో, అంటే పెద్ద కంపెనీ పేరు లేకుండా విడిభాగాలు బిగించి అమ్మేవాటిలో, చాలావాటికి ఈ ప్రాంతాల గొడవ లేదు. ఈ ఒక్క విషయంలో చవక సరుకే నయం. అక్కణ్నుంచి ప్లేయరునే పట్టుకొస్తే వెనకున్న చీటీ చదివాకే ప్లగ్గు పెట్టండి. 100-240 వోల్టులని ఉంటే సరే. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు పవర్ సప్లై కాలిపోతుంది.

ఇక టీవీ సంగతి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పాత ట్యూబ్ టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు గుండ్రటి సాకెట్లుంటాయి. పసుపు బొమ్మకు, మిగతా రెండూ సౌండుకు. వీటినే ఏవీ అంటారు. కొత్త టీవీల్లో చాలావాటికి ఇవి లేవు, బొమ్మా సౌండూ ఒకే వైరులో వచ్చే హెచ్‌డీఎంఐ ఒక్కటే. అలాంటి టీవీ ఉంటే హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయరే కొనండి. నాలుగైదొందలు తగ్గుతుందని లేనిది కొంటే తర్వాత ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా కొనాలి, దానికి యూఎస్‌బీ నుంచి 5 వోల్టుల కరెంటు ఇవ్వాలి, పైగా బొమ్మ మసక. ఇప్పటికే మంచి పాత ప్లేయరు ఉన్నవాళ్లకైతే ఆ డబ్బా సరైన పరిష్కారమే. కాకపోతే అదే ఆకారంలో హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా కూడా అమ్ముతారు. బాణం గుర్తు ఎటుందో చూసి తీసుకోండి. ఒకదాని పని రెండోది చెయ్యదు.

కొన్ని టీవీల్లో పసుపు సాకెట్ లేదనిపిస్తుంది గానీ ఉంటుంది. ఆకుపచ్చ సాకెట్ పక్కన సగం పసుపు రింగు గానీ, ‘వీడియో’ అన్న మాట గానీ ఉంటే పసుపు వైరు అందులోనే గుచ్చాలి. అప్పుడు టీవీ ఇన్‌పుట్‌ను ‘ఏవీ’లో పెట్టాలి. మూడు రంగుల వైర్లతో బొమ్మ ఇచ్చే ‘కాంపొనెంట్’లో ఉంచితే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. ఇంకొన్ని టీవీలకు ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటి 3.5 మిల్లీమీటర్ల ఏవీ సాకెట్ ఉంటుంది. దానికి మూడు గీతల పిన్నున్న ప్రత్యేక కేబుల్ కావాలి. కెమెరాతో వచ్చిన కేబుల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా లోపలి వైర్ల వరస వేరు కావొచ్చు. బొమ్మ రాక స్పీకర్లో జుయ్‌మని మోత వస్తే అదే కారణం. టీవీతో పాటు వచ్చిన కేబుల్ పారేసి ఉంటే మోడల్ నంబరు చెప్పి అడగండి.

ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు సాకెట్లూ విడిగా ఉన్న టీవీకి కాంపొనెంట్ అవుట్ ఉన్న ప్లేయరు కలిపితే పసుపు వైరు కంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. కానీ రిమోట్ మీద ‘పీ-స్కాన్’ అనే బటన్ ఒకటుంటుంది. పసుపు వైరుతో చూసేవాళ్లు పొరపాటున అది నొక్కితే బొమ్మ మాయమవుతుంది. ప్లేయరు చెడిపోయిందని షాపుకు మోసుకెళ్లేవాళ్లున్నారు. మళ్లీ అదే బటన్ నొక్కి చూడండి. కొన్నిటిలో కొద్దిసేపు నొక్కి పట్టుకోవాలి.

అట్టపెట్టె మీద రాసే మాటల్లో ఎక్కువగా ఊరించేది ‘1080పీ అప్‌స్కేలింగ్’, అంటే బొమ్మను హెచ్‌డీ సైజుకు పెంచడం. డిస్కులో 720 × 576 చుక్కలే ఉన్నప్పుడు ప్లేయరు వాటిని సాగదియ్యగలదు గానీ లేని వివరం తేలేదు. ఆ సాగదీసే పని హెచ్‌డీ టీవీ కూడా చేస్తుంది. 32 అంగుళాల టీవీకి దీనికోసం అదనంగా ఇవ్వక్కర్లేదు, హెచ్‌డీఎంఐ ఉంటే అది చాలావరకు ఎలాగూ వస్తుంది. ‘5.1’, అంటే ఆరు స్పీకర్ల సౌండు, అన్నది ఇంకో మాట. ప్లేయరు వెనక ఆరు సౌండు సాకెట్లుంటే ఆంప్లిఫయరుకు కలపొచ్చు, సరే. హోమ్ థియేటర్ ఉన్నవాళ్లకు డిజిటల్ సౌండు ఇచ్చే కోయాక్సియల్ గానీ, ఆప్టికల్ గానీ అవుట్ ఉంటే అంతకంటే మేలు, ఒక్క వైరుతో పని అయిపోతుంది. ప్లేయరూ ఆంప్లిఫయరూ స్పీకర్లూ అన్నీ కలిసిన సెట్లు మాత్రం వద్దంటాను. డిస్కు తిప్పే భాగం పోతే మొత్తం సెట్టును మోసుకెళ్లాలి. దాని స్పీకర్ల పిన్నులు వేరే ఆంప్లిఫయరుకు చాలావరకు సరిపోవు. వాటి మీద పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ శక్తి) అని వేలల్లో రాసే వాట్ల అంకెను అసలు చదవకండి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అంకె ఉంటే చూడండి, లేకపోతే లేదనుకోండి.

యూఎస్‌బీ సాకెట్ గురించి ఆశలు తగ్గించుకోవడం మంచిది. వాట్సాప్ వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని డీవీడీ ప్లేయరుకు గుచ్చితే ఎక్కువ మోడళ్లలో రాదు. ఫోను వీడియోలు ఎక్కువగా వీడియోను కుదించే హెచ్.264 పద్ధతివి. పాత ప్లేయర్ల చిప్పులకు డివెక్స్, ఎక్స్‌విడ్ లాంటి అంతకుముందు తరం పద్ధతులే తెలుసు. బొమ్మ లేకుండా సౌండే వస్తే కారణం ఇదే. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే చాలా ప్లేయర్లు చదవవు. 16 లేదా 32 జీబీది చాలు. హార్డ్ డిస్కు గుచ్చొద్దు, దాన్ని తిప్పేంత కరెంటు ఆ సాకెట్ ఇవ్వలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు పొద్దున్నే భక్తి పాటల ఎంపీ3 సీడీ పెట్టుకునే అలవాటుంటే ముందు వైపు పాట నంబరు చూపించే డిస్‌ప్లే ఉన్న ప్లేయరే తీసుకోండి. ఇప్పటి చిన్నసైజు ప్లేయర్లలో చాలావాటికి అది ఉండదు. పాట మార్చాలంటే ప్రతిసారీ టీవీ వెయ్యాలి. ఈ ఒక్క వసతికి మిగతా అన్నిటికంటే ఎక్కువ విలువిస్తాను.

మరి ఎంత పెట్టాలి? 2000 రూపాయల లోపే అయితే హెచ్‌డీఎంఐ, ఏవీ రెండూ ఉన్న మామూలు ప్లేయరు చూడండి. అసెంబుల్డ్ అయినా ఫరవాలేదు గానీ షాపులోనే మీ డిస్కులు పెట్టి ఆడించి తీసుకోండి. 3000 నుంచి 4000 దాకా పెట్టగలిగితే కంపెనీ ప్లేయరు, ఏడాది వారంటీ అడగండి. రైట్ చేసిన డిస్కులు చదవడంలో తేడా కనపడేది అక్కడే. అంతకు మించి డీవీడీ కోసమే పెట్టడం దండగ. బ్లూరే డిస్కులు కూడా ఉన్నవాళ్ల సంగతి వేరు.

పాతది కొనేవాళ్లు 1000 రూపాయలు దాటొద్దు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో గానీ, జుమేరాత్ బజార్‌లో గానీ ప్లగ్గు పెట్టి చూపించే వీలు లేకపోతే బేరమే ఆడకండి. వెళ్లేటప్పుడు మూడు డిస్కులు తీసుకెళ్లండి: ఒక అసలు సినిమా డీవీడీ, ఒక పెళ్లి డీవీడీ, ఒక వీసీడీ. లేజర్లు రెండూ బతికున్నాయో లేదో వీటితో తేలుతుంది. సినిమాను మధ్యలోకీ, చివరికీ జరిపి చూడండి. రెండు పొరల డిస్కులో మొదటి పొరను లోపల్నుంచి అంచు వరకు చదివి, అక్కణ్నుంచి రెండో పొరను వెనక్కి చదువుతూ వస్తుంది. నీరసించిన లెన్సు సరిగ్గా ఆ మలుపులో, అంటే సినిమా మధ్యలో, బిగుసుకుంటుంది. పెళ్లి డీవీడీ చివరి భాగం కూడా ఆడించి చూడండి. ట్రేను పదిసార్లు తెరిచి మూయండి. నెట్టితే గానీ కదలకపోతే రబ్బరు బెల్టు సాగిందన్నమాట, అది చవక పని, ధర తగ్గించమని అడగొచ్చు. అరగంట ఆడనివ్వండి. వేడెక్కాక ఆగిపోయేవి ఉంటాయి.

రిమోట్ లేకపోతే కొనకండి. చాలా ప్లేయర్ల ముందు ప్లే, స్టాప్, ఓపెన్ తప్ప బటన్లుండవు. పెళ్లి డీవీడీ మెనూలో బాణాలు కదపాలన్నా, సెటప్ మార్చాలన్నా రిమోటే దిక్కు. ఫోను సెల్ఫీ కెమెరా ఎదుట రిమోట్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద ఊదా వెలుగు కనపడాలి.

కొన్నాక సెటప్‌లో రెండు పనులు చెయ్యండి. టీవీ టైప్‌ను 16:9 చెయ్యాలి, ట్యూబ్ టీవీకైతే 4:3. ఇది తప్పుగా ఉంటే మనుషులు లావుగానో, సన్నగానో సాగిపోతారు. హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చి సౌండు రాకపోతే డిజిటల్ ఆడియోను ‘పీసీఎం’కు మార్చండి. ప్లేయరును సెట్‌టాప్ బాక్సు మీద పెట్టొద్దు, కింది వేడి దీనికి ఎక్కుతుంది.

రిపేరు దగ్గర రెండు మాటలు. ‘నో డిస్క్’ అనగానే లెన్సు (లేజర్‌తో కలిపి ఒకే భాగంగా వస్తుంది) మార్పించకండి. ముందు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూదిపుల్లతో లెన్సును మెల్లగా తుడిపించండి. ఎక్కువసార్లు దుమ్మే కారణం. స్క్రూ తిప్పి లేజర్ పవర్ పెంచుతానంటే ఒప్పుకోవద్దు. కొన్నాళ్లు ఆడి లేజర్ పూర్తిగా పోతుంది. అసెంబుల్డ్ ప్లేయర్లలో తరచుగా ఉండేది సాన్యో హెచ్‌డీ-62 లేదా హెచ్‌డీ-65 లెన్సు. మార్చాక కూడా చదవకపోతే, కొత్త లెన్సు మీద స్టాటిక్ (స్థిర విద్యుత్తు) నుంచి కాపాడటానికి పెట్టే చిన్న సోల్డర్ చుక్కను రిబ్బన్ కేబుల్ కలిపాక తీశారా అని అడగండి. అది తియ్యకపోతే లేజర్ వెలగదు. డిస్‌ప్లే మినుకుమంటూ ఆన్ కాకపోతే లెన్సు జోలికే పోనక్కర్లేదు. పవర్ సప్లైలో 5 వోల్టుల లైను కెపాసిటర్ ఉబ్బిందేమో చూడమనండి. కొన్ని రూపాయల వస్తువది.

చివరిగా, అసలు ప్లేయరు కొనకూడని వాళ్లు కొందరున్నారు. ఇంట్లో ఉన్నవి పది పదిహేను పెళ్లి, పుట్టినరోజు డిస్కులే అయితే ఆ డబ్బుతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో ల్యాప్‌టాప్‌కు గుచ్చే యూఎస్‌బీ డీవీడీ రైటరు కొనండి. దాన్ని టీవీకి గుచ్చితే పనిచెయ్యదు, కంప్యూటరు కావాల్సిందే. ఇప్పటి విండోస్‌తో డీవీడీ ఆడించే ప్రోగ్రాము రాదు కాబట్టి ఉచితంగా దొరికే వీఎల్‌సీ వేసుకోవాలి. డిస్కులోని ‘వీడియో టీఎస్’ ఫోల్డరును మొత్తంగా ఒక్కో ఫంక్షను పేరుతో కాపీ చేసుకోండి. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో 4.7 జీబీ డిస్కులు 200 పడతాయి. మధ్యలో కాపీ ఆగిపోతే డిస్కును మెత్తటి పొడిబట్టతో లోపల్నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. టూత్‌పేస్టు ప్రయోగాలు వద్దు. అప్పటికీ కాకపోతే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఒకటి చదవని డిస్కును మరొకటి చదవడం మామూలే. పాత డెస్క్‌టాప్‌లోని డ్రైవు ఇలాంటి వాటికి ఇంకా బాగా పనికొస్తుంది, దాన్ని తుక్కుకు వెయ్యకండి.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
మలక్‌పేట, హైదరాబాద్